ముఖం హాజరు

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అంటారు, బడిలో అంటారు, చిక్కడపల్లి మార్కెట్లో టమాటాలు ఏరుకోనివ్వని బండి అతను కూడా అంటాడు. కాదనను. పుట్టి పెరిగింది ఇక్కడి సందుల్లోనే, చాలా ఏళ్లు ఒక సర్కారు ప్రాథమిక బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిందీ ఇక్కడే. ఆ బడి ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందో, దానితో పాటు ఒక పిల్ల చదువు ఎలా పోయిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చెప్పబోతే గొంతు పెరుగుతుంది, అందుకని రాస్తున్నాను.

మా బడి అంటే రెండు గదులు, ఒక వరండా, గేటు పక్కన నీళ్ల ట్యాంకు. పిల్లలు ఎక్కువమంది అశోక్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు. అక్కడ మేడ మేడకూ ఒక హాస్టల్, హాస్టల్ హాస్టల్ కిందా ఒక జిరాక్స్ షాపు. సర్కారు కొలువుల పరీక్షల కోసం పల్లెల నుంచి వచ్చిన వాళ్లు ఆ హాస్టళ్లలో ఉండి చదువుతారు. వాళ్లకు వండిపెట్టేవాళ్లూ, గిన్నెలు తోమేవాళ్లూ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఈ రెండో రకం వాళ్ల పిల్లలు మా పిల్లలు. ఆ పక్కన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉండే వాచ్‌మన్ల పిల్లలు మరికొందరు.

నేను చెప్పే పిల్ల అప్పుడు నాలుగో తరగతి. తల్లి ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. వంటగది వెనక సామాన్ల గదిలోనే తల్లీబిడ్డల కాపురం. తల్లి పొద్దున్నే ఇడ్లీ పిండితోనూ చట్నీలతోనూ తలమునకలై ఉంటే, ఈ పిల్ల తన జడలు తనే వేసుకుని, సందుల్లో గోడల మీది కోచింగ్ సెంటర్ పోస్టర్లన్నీ పైకి చదువుకుంటూ బడికి వచ్చేది. అక్షరాలు నేను నేర్పినా, ఒత్తులన్నీ దానికి గ్రూప్స్ పరీక్షల పోస్టర్లే నేర్పాయి. 'ప్రవేశములు', 'ప్రత్యేక బ్యాచ్', 'కానిస్టేబుల్ దేహదారుఢ్యము' అని గడగడా అప్పజెప్పేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకటో తరగతి పిల్లలను వరండాలో వరసగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టేది. తప్పు చెప్పినవాడికి 'నీకు మళ్ల నోటిఫికేషన్ వచ్చేదాంక లేదు పో' అని తీర్పు. నేను గదిలోంచి విని కడుపు పట్టుకుని నవ్వుకునేదాన్ని. ముప్పై ఏళ్ల నౌకరీలో అంత చదువు ఆకలి ఉన్న పిల్లలను నేను ఎక్కువమందిని చూడలేదు. దాన్ని ఐదు దాటించి ఏదైనా గురుకులంలో చేర్పించాలని నాకు గట్టిగా ఉండేది.

ఆ ఏడు జూన్‌లో హాజరు ఫోన్లోకి వచ్చింది. పిల్ల ముందు ఫోన్ పెడితే అది ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేస్తుంది. బషీర్‌బాగ్‌లో మాకు ఒకపూట ట్రైనింగ్ ఇచ్చారు. 'ఇక దొంగ హాజరు అన్న మాటే ఉండదు, రాష్ట్రంలో ఎవరు బడికి వచ్చారో ఎవరు రాలేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది' అని ట్రైనింగ్ ఇచ్చినాయన అంటే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. లేని పిల్లలను ఉన్నట్టు చూపించే బడులంటే నాకు ఒళ్లు మంట. యంత్రం అబద్ధమాడదు కదా అని సంబరపడ్డాను.

యంత్రం అబద్ధమాడలేదు గానీ, నిజం కూడా దానికి నచ్చినప్పుడే చెప్పేది. పొద్దున ఒక వేళ పెట్టారు, ఆలోపు ముఖాలన్నీ పడాలి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ఆ వేళ దాటితే యాప్ తలుపు మూసుకునేది. మా పిల్లలేమో తల్లులు టిఫిన్లు దించి, తమ్ముణ్ణి చంకనెత్తి, పంపితే వచ్చేవాళ్లు. కొమురవెల్లిలో మొక్కు చెల్లించుకుని గుండుతో వచ్చిన వాణ్ణి అది గుర్తుపట్టలేదు, వెంట్రుకలు వచ్చేదాకా వాడు బడిలో కూర్చునే గైర్హాజరు. వరండాలో మబ్బు పట్టిన రోజు సగం తరగతి లేనట్టే. ఒక వాచ్‌మన్ కొడుకు ముఖం చూపిస్తే వాడి చెల్లెలి హాజరు పడేది, వాడికి ఏమీ పడేది కాదు. ఆ లెక్కనే మధ్యాహ్నం గుడ్లు వచ్చేవి కాబట్టి, ముఖం పడని పిల్లకు గుడ్డూ పడేది కాదు. వండే ఆమె గుడ్లను దారంతో సగాలు కోసి సర్దేది.

నేను పై ఆఫీసుకు చెప్పాను, రాశాను, వెళ్లి అరిచాను కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. 'అప్‌డేట్ వస్తుంది మేడమ్' అన్నారు. అప్‌డేట్ వచ్చింది. ఫోన్లో రంగులు మారాయి.

అప్పుడే మా బడిలో నాతో పనిచేసే టీచరమ్మ ఒక చిట్కా కనిపెట్టి తెచ్చింది. చిన్నపిల్ల, మంచిది, భయస్తురాలు. పిల్లల ఆధార్ పనికని తీయించిన పాస్‌పోర్టు ఫోటోలు బీరువాలో ఉంటే, వాటిలో ఒకటి ఫోన్ ముందు పట్టుకుని చూపించింది. టిక్కు పడింది.

"మేడమ్, అన్ని బళ్లల్ల గిట్లనే జేస్తున్నరంట. రాని పిల్లగాండ్లది గూడ పడతది. మనకే ఎందుకు పరేషాన్?"

"రాని పిల్లను వచ్చిందని చెప్తే, ఆ పిల్ల ఎందుకు రాలేదని ఎవరడుగుతరమ్మా?" అన్నాను.

"అట్ల గాదు మేడమ్. లెక్క తక్కువైతే మన బడిని ఇంకో బడిల కలిపేస్తరంట."

"కలిపేస్తే కలిపేయనీ. తీసివేతలు నేర్పే నేనే దొంగలెక్క వేస్తానా?" అని ఆ ఫోటోలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. అందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఆ అమ్మాయి మనసులో అనుకునే ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు చాలా గర్వంగా ఉండింది. ఫోటోలు చూపించకుండా, పిల్లల ముఖాలతోనే, యాప్ పట్టినంత మేరకే ఏడాదంతా హాజరు పంపాను. రాని పిల్లల ఇళ్లకు సాయంత్రం నేనే నడిచి వెళ్లి, తల్లులను తిట్టి, పిల్లలను మళ్లీ తెచ్చుకున్నాను. ఒక బడికి అంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో ఉత్తరువు వచ్చింది. మా బడిలో హాజరు బాగా తక్కువగా ఉంది గనక నారాయణగూడ వైపున్న ఇంకో సర్కారు బడిలో కలుపుతున్నారు. అక్కడి హాజరు, ఉత్తరువు ప్రకారం, చాలా బాగుంది.

కలిపిన రోజు ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దేనికంటే డిజిటల్ బోర్డుకు. అంతకు ముందు ఏడే మాకు గోడంత టీవీలాంటి బోర్డు ఇచ్చారు. దొంగలు పడతారని దాన్ని కిటికీకి గ్రిల్ ఉన్న గదిలో పెట్టమన్నారు, అలాంటి గది మాకు ఒక్కటే ఉండడంతో ఒకటీ రెండూ తరగతులు వరండాలోకి వచ్చాయి. ఆ బోర్డును నలుగురు పట్టి, దుప్పట్లు చుట్టి, తాళ్లతో కట్టి, కుదుపు తగలకుండా ట్రాలీలో ఎక్కించారు. గుంతల దగ్గర మెల్లగా పొమ్మని డ్రైవర్‌కు మరీ మరీ చెప్పారు. పిల్లలు ఎలా వెళ్లాలని నేనడిగితే వచ్చిన ఆఫీసరు, "దగ్గరనే గదా మేడమ్, నడుస్తరు. తర్వాత ఆటో గూడ శాంక్షన్ అయితది" అన్నాడు.

దగ్గరే. మధ్యలో మెయిన్‌రోడ్డు ఉంది, అంతే. క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడకు పోయే ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాల సందుల్లోంచి బస్సు ఏ వైపు వస్తుందో నాకే తెలియదు. పెద్దదాన్ని, ఇక్కడిదాన్ని, చెయ్యెత్తి తిట్టుకుంటూ దాటుతాను. తొమ్మిదేళ్ల పిల్ల ఎలా దాటుతుంది? ఆటో ఆ ఏడు రాలేదు. మిగులు టీచర్‌నని నన్ను విద్యానగర్ వైపు ఇంకో బడికి వేశారు.

దసరా సెలవులు అయిపోయాక ఒక సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ వైపు నుంచి అశోక్‌నగర్ సందుల్లో నడిచి వస్తుంటే, ఒక హాస్టల్ మెట్ల మీద ఆ పిల్ల కనిపించింది. ఒడిలో చేట, చేటలో ఎల్లిగడ్డలు. పొట్టు ఊదుతూ ఎదురుగోడ మీది పోస్టర్‌ను పెదవులతో చదువుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. బడికి పోతున్నావా అంటే తల అడ్డంగా ఊపింది. ఎప్పటి నుంచి అంటే తల్లి ఉన్న వంటగది వైపు చూసింది.

తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"మొదట్ల కొన్నొద్దులు నేనే దింపొచ్చిన మేడమ్. టిఫిన్ యాళకు నేను లేకపోతె ఈడ పోరిలు కోచింగులకు ఉపాసం బోతరు. ఓనరమ్మ ఊకుంటదా? ఒక్కదాన్ని పంపిన. ఒకనాడు బండోడు గుద్దినంత పనిజేసిండు. రోడ్డు నడిమిట్ల నిలవడి ఏడుస్తుంటె ఎవలో ట్రాఫిక్ సారు దోలుకొచ్చిండు. గప్పటి సంది పంపుతలేను."

ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేనైనా పంపేదాన్ని కాదు. బడికి రాని పిల్లల కోసం ఒక పద్ధతి ఉంది, అది నాకు తెలుసు. కొన్నాళ్లు వరసగా హాజరు పడకపోతే పేరు పై ఆఫీసుకు పోతుంది, ఇంటికి మనిషి వస్తాడు, దారి కష్టమైతే ఆటోకో, హాస్టల్ సీటుకో రాస్తారు. ఇన్నాళ్లలో అలా ఎవరైనా ఇంటికి వచ్చారా అని అడిగితే, ఎవరూ రాలేదని తల్లి చెప్పింది. మర్నాడు సెలవు పెట్టి నారాయణగూడ బడికి పోయాను.

పొద్దున ప్రార్థన అప్పుడే అయింది. గేటులోంచి అడుగుపెట్టగానే ఎదురుగోడ నిండా ఒక ఫ్లెక్సీ. మన ఊళ్లో గల్లీ నాయకుడి పుట్టినరోజుకు కడతారే, అదే బాపతు. పైన 'మా బడి – మా పిల్లలు' అని బంగారు రంగు అక్షరాలు, చుట్టూ గులాబీల అంచు, లోపల తరగతుల వారీగా వరసలు వరసలుగా పిల్లల ముఖాలు. బాగుందే, పిల్లల మీద ఎంత ప్రేమ అనుకున్నాను. ఒక టీచరమ్మ ఫోన్ పట్టుకుని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, ఒక్కో ముఖం దగ్గర ఆగుతూ, టిక్కుమన్నాక పక్క ముఖానికి జరుగుతూ పోతోంది. నాలుగో వరస చివర మా పిల్ల ఉంది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, నవ్వుతూ. ఫోన్ దాని ముందు ఆగింది. టిక్కుమంది.

నా వెనకే నిలబడ్డ ఆ బడి హెడ్మాస్టరు నన్ను గదిలోకి తీసుకుపోయి కుర్చీ వేశాడు. ఆయన నాకు కొత్తవాడేం కాదు. ఇద్దరం ఒకే ఏడు నౌకరీలో చేరినవాళ్లం, అక్కా అని పిలుస్తాడు.

"ఆ పిల్ల నీ బడికి వచ్చి ఎన్నాళ్లైంది?" అన్నాను.

"ఆ పిల్లొక్కతేనా అక్కా? మీ బడికెళ్లి వచ్చినోళ్లల్ల సగంమంది వస్తలేరు. రోడ్డు దాటి ఎట్లొస్తరు?"

"మరి రాయవచ్చు కదా రావట్లేదని."

"రాస్తె ఏమైతది? నీ బడి ఎందుకు మూతవడ్డదో చెప్పు. నిజం చెప్పినవు, మూతవడ్డది. నేను గూడ చెప్త. నా బడి గూడ మూతవడతది. ఈ పిల్లగాండ్లు మల్ల ఏ రోడ్డు దాటాలె? కోఠి దాంక నడువాల్నా?"

ఆయన మీద అరవడానికే అంత దూరం వెళ్లాను. అరవకుండా కిటికీ వైపు తిరిగాను. కిటికీలోంచి మా డిజిటల్ బోర్డు కనిపించింది. ఇక్కడా గ్రిల్ ఉన్న గదిలోనే ఉంది, తాళం వేసి. ఆయన చాయ్ తెప్పించాడు, నేను తాగలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆటో శాంక్షన్ అవుతుందన్న ఆఫీసరే. పిల్ల సంగతి చెప్పాను, ఎవరినైనా ఇంటికి పంపమన్నాను. హెడ్మాస్టరు గురించీ ఫ్లెక్సీ గురించీ చెప్పలేదు. ఆయన మర్యాదగానే విన్నాడు. ట్యాబ్‌లో బడి పేరు కొట్టి, తరగతి కొట్టి, తెర నా వైపు తిప్పాడు.

"ఈ పిల్లనేనా మేడమ్? ఇయ్యాల గూడ ప్రెజెంట్ ఉన్నది సూడండి. చాల రెగ్యులర్. మీరు వేరే పిల్లనుకుంటున్నరేమో."

"నిన్న సాయంత్రం నా కళ్లతో చూశాను. ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. వాళ్లమ్మతో మాట్లాడి వచ్చాను."

"సాయంత్రం గదా మేడమ్. బడినుంచి వచ్చినంక పని జేస్తుందేమో. బడికి రానోళ్ల లిస్టు మాకు సిస్టమే ఇస్తది. అందుల పేరుంటెనే మనిషిని పంపుతం. మీరు కళ్లతోటి సూసింది నేనేడ ఎక్కియ్యాలె?"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను అప్పుడు ఉన్నదంతా చెప్పేశాను, ఫోటోల సంగతితో సహా. ఆయన ముఖం మారింది. ట్యాబ్ బోర్లా పెట్టి, ఒక తెల్ల కాగితం నా వైపు జరిపాడు.

"రాసియ్యండి. చర్య తీసుకుంటం."

"ఎవరి మీద?"

"హెడ్మాస్టర్ మీద."

"మరి పిల్ల?"

"ఎంక్వైరీ అయ్యేదాంక పిల్ల హాజరు రికార్డు మార్చరాదు మేడమ్. అప్పటిదాంక రెగ్యులర్ కిందికే వస్తది."

సంచిలోంచి కలం తీశాను. రాస్తే ఒక మనిషి నౌకరీ పోతుంది, ఆ బడి లెక్క పడిపోతుంది, రోజూ నిజంగా వచ్చే పిల్లలు ఇంకో రోడ్డు దాటాలి, మా పిల్ల మాత్రం మెట్ల మీదే ఉంటుంది. రాయకపోతే ఎవరికీ ఏమీ కాదు, మా పిల్ల మెట్ల మీదే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా నిజం ఒక బడిని మూయించింది, ఇంకొకరి అబద్ధం ఇంకో బడిని నిలబెట్టింది. రెంటి మధ్యా నలిగింది మాత్రం ఆ పిల్లే. కలం మూసి లేచి వచ్చేశాను. మంచిపని చేశానో చెడ్డపని చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చివరికి నాకు మిగిలిన దారి ఒక్కటే, తల్లిని బతిమాలడం. సాయంత్రం మళ్లీ అశోక్‌నగర్‌కు వెళ్లాను. విద్యానగర్‌లో నా బడికి రమ్మన్నాను, పొద్దున నేనే తీసుకుపోతానన్నాను. తల్లి ముఖం వెలిగింది, కానీ ఒప్పుకున్నందుకు కాదు.

"ఇంక ఫికర్ లేదు మేడమ్. ఇయ్యాల మధ్యానం ఆ బడి టీచరమ్మ ఫోన్ జేసింది. బిడ్డకు రోజు హాజరు పడుతుందంట. పరీక్షలప్పుడు ఒక్కనాడు వస్తె సాలంట, ఐదు పాసైనట్టు ఇస్తరంట. దేవుడసొంటి సారు. మీ బడికొస్తె అక్కడ పేరు తీసేస్తరు గదా, మల్ల ఒక్కొద్దు రాకున్నా గైరాజరే గదా మీ తాన?"

అవును, నా దగ్గర గైర్హాజరే. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. బడికి పోకుండానే బడి అయిపోతుంటే, బస్సుల కింద పడి పోవాల్సిన ఖర్మ దేనికని ఆమె మనసులో ఉంది. ఆమె తప్పని నేననలేను. దుఃఖం వచ్చింది. వంటమనిషి ముందు ఏడిస్తే ఏం బాగుంటుందని గోడ వైపు తిరిగాను.

పిల్ల నా పక్కకు వచ్చి నిలబడింది. తల్లి వంటగదిలోకి పోయేదాకా ఆగి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని మెల్లగా అడిగింది.

"మేడమ్, ఇయ్యాల గూడ నేను బడికి వచ్చిన్నంట గదా. ఏం పాఠం చెప్పిన్రు?"